మందుల కొట్టాయన దాచిన ఫైలు

"పురుగుమందుల కొట్టాయన పోయాడంట మేడమ్" అని మా స్కూలు అటెండరు తలుపు దగ్గర నిలబడి చెప్పేటప్పటికి నేను తొమ్మిదో తరగతి బోర్డు మీద త్రిభుజం గీస్తున్నాను. రెండు భుజాలు గీసి ఆగిపోయాను. టీచరుకి బాగా కావలసినవాడు పాపం అని పిల్లలు గుసగుసలాడారు. కావలసినవారే. ఏడుపు ఇంటికి వెళ్లాక వచ్చింది. ఆ నిమిషంలో మాత్రం భయమే వేసింది.

ఎందుకంటే ఆయన ఒక ఫైలుకి తాళం వేసి నా చేతిలో పెట్టారు. "నేను పోయాక తెరవండమ్మా" అన్నారు. అందులో ఏముందో కూడా చెప్పారు. చిలకలూరిపేటకి పది మైళ్ల అవతల ఒక పల్లెలో ఒకావిడ మొగుడి చావుకి తనే కారణమన్న నిందని ఏళ్ల తరబడి మోస్తోంది. ఆ నింద అబద్ధమని తెలిసిన మనిషి లోకంలో ఆయనొక్కరే. తర్వాత మూడేళ్లు ఇద్దరం. ఇప్పుడు నేనొక్కదాన్నే.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఊళ్లో కూడా ఎవరూ పేరుతో పిలిచేవాళ్లు కాదు. పత్తి జోరుగా వేసిన రోజుల్లో పురుగుమందుల కొట్టు నడిపి, ఉన్నట్టుండి ఒక ఏడాది షట్టరు దించేశారు. ఎందుకు మూశారో ఇంట్లోవాళ్లకి కూడా చెప్పలేదు. కొట్టు పోయినా పేరు పోలేదు, మందుల కొట్టాయన అనే అనేవాళ్లు. నేను మాత్రం బాబాయి గారూ అనేదాన్ని.

మా ఇంటికి ఆయన్ని రప్పించింది వైరస్. మా వారు గుంటూరులో విడిభాగాలు కొని బిగించిన కంప్యూటర్ అది. అందులో ఉన్న సిస్టమ్ ఎవరో ఎక్కించిన దొంగ కాపీ. అర్ధసంవత్సర పరీక్షలకి నేను తయారు చేసుకున్న ప్రశ్నపత్రాలన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం కళ్లముందే మాయమైపోయాయి. కంప్యూటర్ జోలికి వెళ్లాలంటేనే వణుకు పట్టుకుంది. అప్పుడు స్టాఫ్ రూములో ఎవరో చెప్పారు, మందుల కొట్టాయన దగ్గర ఆ సిస్టమ్ బదులు ఎక్కించుకునే లినక్స్ అని ఒకటుందట, వైరస్ రాదట, ఊరికే ఎక్కించి పెడతాడట అని.

"ఊరికే చేస్తాడంటే ఎక్కడో తేడా ఉంటుంది చూడు" అన్నారు మా వారు. ఆయన స్పిన్నింగు మిల్లులో సూపర్‌వైజరు, అనుమానించడం ఉద్యోగంలో భాగం. తేడా ఉన్నమాట నిజమే. కానీ ఆ తేడా మాకెవరికీ అందేది కాదు.

బాబాయి గారు మోపెడ్ మీద వచ్చారు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన నోటుబుక్కు. ఇంట్లోకి రాగానే కంప్యూటర్ వంక చూడలేదు. వీధివైపు కిటికీ దగ్గరికి వెళ్లి రెక్కలు మూశారు. తర్వాత కుర్చీని జరిపి, గోడ వీపుకి ఆనేటట్టు వేసుకున్నారు. ఎవరింటికి వెళ్లినా అంతేనని తర్వాత తెలిసింది. తన వెనక మనిషి నిలబడితే ఆయనకి ఒక్క అక్షరం కూడా కొట్టడం వచ్చేది కాదు.

"ఇందులో ఉన్నయ్యన్నీ వేరే దాంట్లోకి తీసుకున్నారా టీచరమ్మా?"

"తీసుకున్నానండీ."

"ఖాయంగా?"

"ఖాయంగానే."

"ఉన్నదాన్ని పక్కకి జరిపి దీనికి జాగా చెయ్యాలమ్మా. జరిపేటప్పుడు కరెంటు పోయిందో, అదీ దక్కదు, ఇదీ దక్కదు. ఇంకోసారి చూసుకోండి."

ముచ్చటగా మూడోసారి కూడా అడిగారు. అప్పటికీ తృప్తి లేక మా ఫోను తీసుకుని సబ్‌స్టేషన్‌కి చేశారు. "ఏమయ్యా, ఎన్నింటిదాకా ఉంచుతావు? నికరంగా చెప్పు, మనిషి ప్రాణం మీదికొచ్చింది ఇక్కడ" అన్నారు. అవతలివాడు ఆసుపత్రి అనుకున్నాడో ఏమో, మూడింటిదాకా తియ్యనని మాటిచ్చాడు.

కమాండు కొట్టాక ఎంటర్ నొక్కే ముందు ఆయన చేసే పని చూసి తీరాలి. రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసేసేవారు. తువ్వాలుతో వేళ్లు ఒక్కొక్కటే తుడుచుకునేవారు. కొట్టిన లైను పెదాలు కదుపుతూ మొదట్నించి చదివేవారు, ఒకసారి తలుపువైపు చూసేవారు, అప్పుడు చూపుడువేలితో నొక్కేవారు. "ఇది మళ్లీ అడగదమ్మా. చేస్తావా, మానతావా అని అడిగే అలవాటు దీనికి లేదు. తీసెయ్యమంటే తీసేస్తది. మనమే అడుక్కోవాల" అన్నారు. ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ నోటుబుక్కులో కమాండులన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నారు. గుంటూరు బస్టాండులో కంప్యూటర్ పత్రిక కొంటే సీడీ ఊరికే వచ్చేది, ఆ సీడీలూ ఒక డిక్షనరీ ఆయన గురువులు.

అంతా అయ్యి మొదటిసారి లేపితే తెర నిండా తెల్ల అక్షరాలు పరుగెత్తి, చివర కెర్నెల్ పానిక్ అని ఆగిపోయింది. ఆయన లేచి రెండడుగులు వెనక్కి వేశారు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నాకు నోరు ఊరుకోదు.

"పానిక్ అంటే భయం కదండీ బాబాయి గారూ? దానికే భయమేస్తే మన గతేం కాను?"

ఆయన నవ్వలేదు. "దానికి భయమేస్తే కదలకుండా ఆగిపోద్దమ్మా. మనిషికి భయమేస్తే నోటికొచ్చిన అబద్ధం చెప్పేస్తాడు" అన్నారు. మాట వరసకి అన్నారనుకున్నాను. ఆ నోట ఇంకో మూడేళ్లకి అసలు మాట వింటానని అప్పుడు నాకేం తెలుసు.

రెండో ప్రయత్నంలో లేచింది. లేచిందన్నమాటే గాని నా కష్టాలు అప్పుడే మొదలయ్యాయి. పాటలు వినపడవు. ప్రింటరు వారం దాకా ఉలకలేదు, పలకలేదు. తెలుగు అక్షరాలు విరిగిన జంతికల్లా తెర మీద పడేవి. ఫోను లైనుతో ఇంటర్నెట్‌కి కలిపే మోడెమ్ అసలు పనిచెయ్యలేదు. ఆ సంగతి చెబితే ఆయన మొహం విప్పారింది. "పన్జెయ్యకపోతేనే మంచిది. ఫోను తగలకపోతే దొంగెట్టా వస్తాడు?" అన్నారు. ఆయన్ని పిలిపించిన పాపానికి నన్ను నేను తిట్టుకున్న రోజులున్నాయి. అయినా నెల తిరిగేసరికి చేతికి అలవాటైంది. లోపలికి వెళ్లడానికి మా వారికొక పేరు, మా అమ్మాయికొక పేరు, నాకొక పేరు. ఒకరి కాగితాలు ఒకరికి కనపడవు. ఆ ఏడాది ప్రశ్నపత్రాలు చెక్కుచెదరకుండా పరీక్షదాకా నిలిచాయి. లెక్కల టీచరుకి అంతకన్నా ఏం కావాలి.

సందేహం వచ్చినప్పుడల్లా వాళ్లింటికి వెళ్లేదాన్ని. పెరట్లో పాత గోడౌను గది ఉండేది. ఒకప్పుడు మందు డబ్బాలు నిలవచేసిన గది, ఎన్నిసార్లు సున్నం కొట్టించినా ఆ ఘాటు పోలేదు. ఇంట్లో నాలుగు గదులుండగా ఈయన కంప్యూటర్ తీసుకెళ్లి అందులో పెట్టుకున్నారు. మంచినీళ్లకి లేచినా లాగౌట్ అయ్యి, మానిటర్ మీద గుడ్డ కప్పి, గదికి గొళ్లెం పెట్టి మరీ వెళ్లేవారు. ఒకసారి వాళ్లావిడ కాఫీ పట్టుకొస్తే గబుక్కున తెర ఆర్పేశారు. "ఈ వయసులో ఏం చూస్తన్నారో అడగమ్మా నువ్వన్నా" అని ఆవిడ నవ్వింది. నేనూ నవ్వాను. ఆయన గుడ్డ తీసి మానిటర్ మీద కప్పారు.

ఇంతలో సీడీల పిచ్చి పట్టుకుంది. హార్డ్ డిస్కులోకి ఎక్కించే పనే లేకుండా, సీడీ పెట్టి మీట నొక్కితే చాలు నడిచే లినక్స్ ఒకటి దొరికింది. ఎవరి కంప్యూటర్‌కీ హాని లేదు, ఎవరూ భయపడక్కర్లేదు అని ఆయనకి సంబరం. సీడీలు రాసే రైటరు కొని కాపీలు తీశారు. ఒక్కోదాని మీద మార్కరుతో "లినక్స్ – ఉచితం" అని గుండ్రటి అక్షరాల్లో రాసి, పెళ్లి శుభలేఖలు పంచినట్టు ఇంటింటికీ తిరిగి ఇచ్చారు. మా స్టాఫ్ రూములోనే అయిదారు పంచారు. జిన్నింగు మిల్లు గుమాస్తాలకి, బ్యాంకులో వాళ్లకి, ఎరువుల కొట్టుకి కూడా చేరాయి. కంప్యూటర్ లేనివాళ్లు కూడా మర్యాదకి పుచ్చుకున్నారు. ఊరికే ఇచ్చేది పొలంలో పనిచెయ్యదని మావాళ్ల నమ్మకం. కాబట్టి ఆ సీడీలు చాలావరకు కంప్యూటర్ మొహం చూడలేదు. కొన్ని ట్రాక్టరు ట్రక్కుల వెనక మెరుపు బిళ్లలయ్యాయి. కొన్ని జొన్నచేలల్లో పిట్టల్ని బెదిరించడానికి దారాలకి వేలాడాయి.

ఒక శనివారం మా స్కూలు గేటు బయట నిలబడి ఉన్నారు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"టీచరమ్మా, నేనిచ్చిన సీడీ ఎక్కడుంది? ఇచ్చెయ్యండి. దాంట్లో వైరస్ ఉంది."

నా చెవుల్ని నేనే నమ్మలేదు. లినక్స్‌కి వైరస్ రాదని మూడేళ్లుగా ఊరంతా చాటింపు వేసిన మనిషి! అప్పటికి నాలుగు రోజులుగా ఆయన ఇంటింటికీ తిరిగి అదే మాట చెప్పి సీడీలు వెనక్కి తీసుకుంటున్నారని తెలిసింది. పొరుగూరి జొన్నచేలో దిగి, వేలాడుతున్న సీడీని దారంతో సహా తెంపుకొస్తుంటే కాపలా ముసలామె అరిచి గోల పెట్టిందట. కొట్టాయనకి మతి చలించిందని బజారంతా అనుకుంటోంది.

మా ఇంటికి తీసుకెళ్లి కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చాను. గ్లాసు పక్కన పెట్టేశారు.

"బాబాయి గారూ, నా దగ్గర వద్దు. ఆ సీడీలో వైరస్ లేదు. ఏమైంది?"

తలుపువైపు ఒకసారి చూశారు. "సీడీ పెట్టి లేపితే లోపలున్నయ్యన్నీ కనపడతన్నయ్యమ్మా. పాస్‌వర్డు అడగట్లా. ఆరువందలు పెట్టుకున్న ఫైలు కూడా తెరుచుకుంది. నేనే చూశా, నా కళ్లతో."

ఆరువందలంటే ఫైలుకి పెట్టే గుర్తు. రాసినవాడు తప్ప ఇంకొకరు చదవకూడదని దానర్థం. ఎవరో చెబితే, ఆ ఒక్క గుర్తు కోసమే ఆయన యాభై దాటాక లినక్స్ నేర్చుకున్నారట. ఇప్పుడు తన పెట్టెకి మారుతాళం చెవులు తనే చేయించి నలభై ఇళ్లలో పంచిపెట్టుకున్నారు.

"మీ గదిలోకి దూరి, సీడీ పెట్టి, మీ ఫైలు వెతికి చదివేదెవరండీ? ఊళ్లో ఎవరికంత తీరిక?"

"ఎవరో ఒకరు చదువుతారమ్మా" అన్నారు. చెప్పడం మొదలుపెట్టారు, గోడకి వీపు ఆనించి, నా వంక చూడకుండా.

ఒక రైతు. పచ్చపురుగు కొట్టి పత్తంతా పోతే చేను పీకేశాడు. ఆ సంగతి కొట్టుకొచ్చి ఈయనకే చెప్పాడు. పది రోజుల తర్వాత ఒక సాయంత్రం మళ్లీ వచ్చి మందు డబ్బా ఒకటిమ్మన్నాడు. "పీకేసిన చేలో ఏం కొడతావురా?" అని ఈయన నవ్వారు. అతనూ నవ్వాడు. ఇచ్చి పంపారు. మర్నాడు పొద్దున్నే ఆ ఇంట్లో మొగుడూ పెళ్లాల మాటలు పెద్దగా వినపడ్డాయట. ఎండెక్కేసరికి అతను చేలో పడి ఉన్నాడు. పోలీసులు వచ్చి డబ్బా చూపించి, ఎప్పుడు అమ్మావని అడిగారు. ఈయన వణికిపోయారు. కొట్టు పోతుందని, జైల్లో వేస్తారని. "నిరుడు తీసుకెళ్లిందండీ, ఇంట్లో మిగిలుంటది" అన్నారు.

ఆ ఒక్క మాటతో కథ మారిపోయింది. డబ్బా ఏడాదిగా ఇంట్లోనే ఉంది, ఆ పొద్దున పెళ్లాం నోటి దురుసుకే తాగాడు అని ఊరు తీర్పు చెప్పేసింది. అత్త ఆవిణ్ణి ఇంట్లోంచి పంపేసింది. ఆవిడ కన్న కొడుకే అమ్మా అని పిలవడం మానేశాడు.

"ముందురోజు సాయంత్రమే వాడు నిర్ణయించుకున్నాడమ్మా. పొద్దున ఆ పిల్ల ఏమన్నా, అనకపోయినా ఒకటే. అది నాకే తెలుసు. ఆ ఊరి స్టేజీ దాకా మూడుసార్లు వెళ్లా. బస్సు దిగలా."

కోపం వచ్చింది నాకు. లోపల్నించి తన్నుకొచ్చిన కోపం. "ఇప్పుడు వెళ్దాం పదండి, నేనొస్తా" అన్నాను. ఆయన రెండు చేతులూ జోడించారు. తండ్రి వయసు మనిషి నాకు దణ్ణం పెట్టేసరికి నా కోపం ఎటు పోయిందో! "నేను పోయాక" అన్నారు. "మీకైతే భయం జాస్తి కాబట్టి మీకు చెప్పుకున్నా. ధైర్యస్తులైతే రేపే చెప్పేస్తారు."

మాటిచ్చాను. ఇవ్వకుండా ఉండాల్సింది. ఆ మాట ఆయన్ని కాపాడింది, ఆవిడ బతుకులో ఇంకో మూడేళ్లు తినేసింది. ఇందులో నాకూ వాటా ఉంది, దాచుకుని లాభం లేదు.

మర్నాడే ఆ ఫైలుకి ఈసారి నిజమైన తాళం వేసి, ఏ సీడీ పెట్టినా అర్థం కాకుండా చిందరవందర చేసి ఫ్లాపీలో తెచ్చిచ్చారు. తన దగ్గర ఉన్నది చెరిపేశారు. పాస్‌వర్డు చెవిలో చెప్పారు. అది ఒక ఆడమనిషి పేరు. ఎవరి పేరో మీకు చెప్పనక్కర్లేదు.

ఆ రోజునుంచి ఆయన భయం నాకు సంక్రమించింది. ఫ్లాపీకి బూజు పడుతుందేమోనని భయం. తెరుచుకోదేమోనని భయం, మా వారి ముందు తెరుచుకుంటుందేమోనని ఇంకో భయం. ఫ్లాపీలోంచి డిస్కులోకి, పాత కంప్యూటర్లోంచి కొత్తదాంట్లోకి పిల్లిపిల్లని మోసినట్టు మోశాను. ఎంటర్ నొక్కే ముందు చీరకొంగుతో వేళ్లు తుడుచుకోవడం కూడా వచ్చేసింది. ఒకరోజు మా అమ్మాయి వెనకనుంచి వస్తే గుడ్డ తీసి మానిటర్ మీద కప్పాను. అప్పుడు నామీద నాకే అసహ్యం వేసింది.

పెద్దకర్మ అయిన మర్నాడు ఫైలు తెరిచాను. మూడు పేజీలు. తెలుగు మాటలే, ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. ప్రింటు తీసి మా వారికి చూపించాను. చదివి కాగితాలు బోర్లా పెట్టారు.

"పోయినాయన పరువు బజార్న పెడతావా? ఆయన పిల్లలు మన గడప తొక్కి అడిగితే ఏం చెబుతావ్? నీ ఉద్యోగమేంటి, నువ్వేంటి?"

అవన్నీ నేనూ అనుకున్నవే. అయినా ఆదివారం పొద్దున బస్సెక్కాను. స్టేజీ వచ్చినప్పుడు నా ఒళ్లు లేవనంది. కండక్టరు "దిగుతారా, లేదా మేడమ్?" అని కసిరాక దిగాను. ఆయన మూడుసార్లు దిగలేకపోయింది ఇక్కడేనని గుర్తొచ్చి, అప్పుడు ఆయన మీద జాలి పుట్టింది.

ఆవిడ కల్లంలో ఉందన్నారు. ఎర్రగా పరిచిన మిరపకాయల చుట్టూ ఆడవాళ్లు వరసలుగా కూచుని తాలుకాయలు ఏరుతున్నారు. అందరికీ దూరంగా, ఒక చివర ఒక్కతే కూచున్నావిడే ఆవిడ. తలగుడ్డ ముక్కుదాకా లాక్కుంది. పక్కన కూలబడి, ఘాటుకి దగ్గుతూ, నేనెవరో చెప్పాను. కాగితాలు తీసి మెల్లగా, ఆవిడకి మాత్రం వినపడేటట్టు చదివాను. డబ్బా ముందురోజు సాయంత్రం అమ్మానని, పోలీసులకి అబద్ధం చెప్పానని, ఆ తల్లి తప్పు లేదని.

ఆవిడ చేతులు ఆగలేదు. తెల్లకాయ ఇటు, ఎర్రకాయ అటు పడుతూనే ఉన్నాయి. నేను చదవడం అయిపోయాక కూడా ఇంకో గుప్పెడు ఏరింది.

"పొయ్యిలోకి పత్తికట్టె తెమ్మన్నా ఆ పొద్దున. అంతే నేనన్నది" అంది.

"అవునమ్మా. మీ తప్పేం లేదు. ఆ సంగతి మీకు చెబుదామనే..."

తలగుడ్డ కిందికి లాగి మొదటిసారి నా మొహంలోకి చూసింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"నాకెందుకమ్మా చెబుతావు? నేనేం అనలేదని నాకు తెలుసుగా. తెలవంది వాళ్లకి."

వరసల్లో ఆడవాళ్లు అప్పటికే తలలెత్తి మావైపు చూస్తున్నారు. వాళ్లలో ఒకరికి చెబితే చాలు, సాయంత్రానికి కొట్టాయన కొడుకుల చెవిన పడుతుంది. ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని లేపి, కల్లం మధ్యకి నడిపించింది.

నిలబడి చదవడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలకే ఘాటో, భయమో, గొంతు పూడుకుపోయింది. నలభై అయిదుమంది పిల్లలున్న క్లాసు చివరిదాకా వినపడే నా గొంతు నాకే వినపడలేదు.

"మళ్లీ మొదట్నించి చదువమ్మా" అంది ఆవిడ. "గట్టిగా చదువు. ఆ చివరోళ్లకి వినపళ్లా."